అత్తమ్మ కుడి మోకాలు

మా అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మా అమ్మగారి ఊళ్ళో, చెల్లెలి బిడ్డను తొట్లెలో వేస్తూ పాట పాడుతున్నాను. గద్వాల నుంచి మూడు కోసులు నడిచి వచ్చిన మా వీధి మనిషి లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. రుమాలు తలకు లేదు, చేతిలో ఉంది. అది చూసి పాట నా నోట్లోనే ఆగిపోయింది. పొద్దున మగ్గం దగ్గరికి పోతూ గోడ పట్టుకుని ఆగిందట. కోడలు ఎప్పుడొస్తదని మా ఆయనను అడిగిందట. అట్లాగే గోడ వెంట జారిపోయిందట. అంతే. ఇంట్లో వాళ్ళంతా నేను ఏడుస్తానని నా వైపు చూశారు. నాకు ఏడుపు రాలేదు.

"ఎట్ల పండబెట్టిన్రు?" అని అడిగాను.

"ఎల్లెల్కల. కాళ్ళు సాపి."

"ఎప్పటి సంది?"

"పొద్దు మొలిచినప్పటి సంది" అన్నాడు.

అప్పటికి పొద్దు నడినెత్తిన ఉంది. అప్పుడు ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో మీకు తెలియాలంటే మా ఆచారం చెప్పాలి. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు, మెడలో లింగం కట్టుకునే ఇల్లు. మాలో పోయినవారిని కాల్చరు, పడుకోబెట్టి పూడ్చరు. బాసిపట్టు వేయించి, అరచేతిలో లింగం పెట్టి, కూర్చోబెట్టి మట్టి ఇస్తారు. గుంతను కూర్చున్న మనిషికి సరిపడేంతే తవ్వుతారు. కూర్చోవాలంటే తొంటి వంగాలి, మోకాళ్ళు వంగాలి, మెడ నిలవాలి. ప్రాణం పోయిన నాలుగైదు గడియలు ఒళ్ళు మెత్తగానే ఉంటుంది, ఆ లోపల కూర్చోబెట్టేస్తే ఏ చిక్కూ లేదు. ఆలస్యమైతే కీళ్ళు బిగుసుకుంటాయి. అట్లా బిగుసుకున్న ఇంటివాళ్ళు మా అత్తమ్మ కోసం మనిషిని పంపేవారు.

ఎందరి కీళ్ళు విప్పిందో నాకు లెక్క తెలియదు. ఆమె కుడి మోకాలు మాత్రం తొమ్మిదో ఏట బిగుసుకుంది, మళ్ళీ వంగలేదు. తాను పోయాక ఆ మోకాలిని ఎవరూ విరగ్గొట్టకుండా చూడమని నా దగ్గర మాట తీసుకుంది. ఆమె పోయేనాడు నేను ఇంట్లో లేను. ఎద్దుల బండిలో మూడు కోసులూ నేను దేవుణ్ణి తలవలేదు, ఆమె ముఖాన్ని కూడా తలవలేదు. ఆ ఒక్క మోకాలినే తలుచుకుంటూ వచ్చాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. ఇప్పటికీ అంతే. ఆ చేతులు ఏం పని చేస్తాయో తెలిశాక నెల రోజులు ఆమె చేసిన జొన్నరొట్టె నా గొంతు దిగలేదు. పొద్దున ఎవరి మణికట్టో సరిచేసేది. మధ్యాహ్నం పోయినవాళ్ళ ఇంటికి పోయి వచ్చేది. వచ్చి మోచేతుల దాకా బూడిదతో తోముకుని స్నానం చేసి, పొయ్యి ముందు కుడికాలు కట్టెలా చాపుకుని రొట్టె కొట్టేది. నేను కడుపునొప్పి అని అబద్ధమాడి నీళ్ళు తాగి పడుకునేదాన్ని. ఆమెకు తెలుసు. ఒకనాడు వేడి రొట్టె తెచ్చి నా ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

"ఉన్నోళ్ళ కీలు, పోయినోళ్ళ కీలు ఒక్కటే బిడ్డా. ఉన్నోడు మొత్తుకుంటడు, పోయినోడు మొత్తుకోడు. గంతే తేడా. తిను."

ఆకలికి తిన్నాను. రొట్టె బాగుంది.

ఉన్నవాళ్ళ కీళ్ళతోనే ఆమె నాకు పని నేర్పింది. రాజోలి నుంచి ఒక రైతు వచ్చాడు. ఎద్దు పగ్గం లాగితే భుజం జారింది. గుండ్రంగా ఉండాల్సిన భుజం పలక లాగా ఉంది, మనిషి నొప్పితో చెమటలు కక్కుతున్నాడు. ఆమె తొందరపడలేదు. అతని మోచేతిని పక్కకు ఆనించి పట్టుకుని, ముంజేతిని ఇంత ఇంత బయటికి తిప్పుతూ, ఆ ఎద్దు ఏ రంగుది, ఏ సంతలో కొన్నావు, తల్లి ఆవు పాలిచ్చేదా అని అడుగుతూ పోయింది. అతను ఆవు సంగతి చెబుతుండగానే లోపల ఎక్కడో 'టక్' మని ఒక చప్పుడైంది. అతను మాట ఆపి తన భుజం వైపు చూసుకున్నాడు. అది మళ్ళీ గుండ్రంగా ఉంది.

అతను పోయాక నా భుజం మీద వేలితో చూపించి చెప్పింది. ఇది రోలూ రోకలీ అంది. భుజం రోలుకు లోతు లేదు, మూకుడంత, అందుకే చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే తొందరగా జారుతుంది. తొంటి కూడా రోలే, కాని లోతైన రోలు. అంతగా తిరగదు, అంత తేలిగ్గా జారదు. మోచెయ్యి తలుపు, ఒకవైపే తెరుచుకుంటుంది. రెండో వైపుకు నెట్టావా, విరుగుతుంది. మెడ ఇసుర్రాయి, నడుమ ఒక మేకు, దాని చుట్టూ పైరాయి తిరుగుతుంది. మణికట్టు మాత్రం సంచిలో పోసిన చింతగింజలట, ఒకదాని మీద ఒకటి జరుగుతూ ఉంటాయట. నేను నా మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. నిజమే, గింజలు జరిగాయి. ఆ రోజు నుంచి నా ఒళ్ళు నాకే కొత్తగా తోచేది. నీళ్ళబిందె ఎత్తినా, ముగ్గు వేసినా, లోపల తలుపులూ రోళ్ళూ కదులుతున్నాయని తెలుస్తుండేది. చెప్పొద్దూ, కొన్నాళ్ళు నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

నేస్తూ నేస్తూ, తల ఎత్తకుండానే వీధిలో ఎవరు పోతున్నారో చెప్పేది. పేర్లతో కాదు. ఎడమ తొంటి వస్తున్నది, చెంబెడు నీళ్ళు తియ్యి అనేది. నేను చెంబు తీసుకుని గడప దాకా పోయేసరికి నూలుకు రంగులద్దే ముసలాయన నిజంగానే మా అరుగు ముందు ఆగేవాడు. నాకు పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఒకనాడు ఆయన అట్లాగే నీళ్ళు తాగి పోయాక ఆమె నాడె ఆపి, చాలాసేపు వీధి వైపు చెవి పెట్టి కూర్చుంది. ఏంది అత్తమ్మా అంటే, కీలు సప్పుడు చేస్తలేదు అంది. చప్పుడు లేకుంటే మంచిదే కదా, నొప్పి తగ్గిందేమో అన్నాను. నాలుగో నాడు ఆ ఇంటి నుంచి మనిషి వచ్చాడు.

ఆ రోజే నన్ను మొదటిసారి వెంట తీసుకుపోయింది. మగవాళ్ళను బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది. నా చేతిలో వెచ్చని నువ్వుల నూనె గిన్నె. ముందు తన కుడి మోకాలిని తాను ఒకసారి రుద్దుకుంది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు. తర్వాత ఆ ముసలాయన దవడ దగ్గర మొదలుపెట్టింది. బిగిసేది పైనుంచి కిందికట. దవడ, మెడ, భుజాలు, మోచేతులు, ఆఖరుకు తొంటి, మోకాళ్ళు, చీలమండలు. ఇల్లు ఖాళీ చేసి పోయే మనిషి ఒక్కో అర్రకు తాళం వేసుకుంటూ పోయినట్టు పోతుందట ప్రాణం. విప్పేవాళ్ళు కూడా అదే వరసలో పోవాలట, వెనక నుంచి మొదలుపెట్టకూడదట. ఒక్కో కీలు దగ్గర ఆగి, నూనె రాసి, రెండు చేతులతో వేడి పుట్టేదాకా పట్టుకుని ఉండేది. తొంటి దగ్గరికి వచ్చాక కాలి మడమను నన్ను పట్టుకోమంది. వంగి ఆయన చెవి దగ్గర మాట్లాడింది.

"మామా, జర ఒంగు. తొందరేం లేదు."

ఆమె ఇంకా తోయలేదు. నా చేతిలో ఉన్న కాలు బరువు మారింది. అంతవరకూ దూలంలా ఉన్నది, పసిపిల్ల కాలంత తేలికైంది. నేను ఎత్తలేదు, అది లేచింది. ఇంటికి వస్తుంటే, భయపడ్డవా అని అడిగింది. లేదని బింకంగా చెప్పాను. భయపడాలె, భయపడితేనే చెయ్యి మెల్లగ పడ్తది అంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా గోడ అవతలి ఇంటావిడతో అత్తమ్మకు ఆరేళ్ళుగా మాటల్లేవు. వాన నీళ్ళు ఎటు పారాలన్న పంతం. ఆవిడ పోయినప్పుడు కబురు రాదనుకున్నాను. వచ్చింది. అత్తమ్మ పోయి, అదే వరసలో, అదే నూనెతో పని మొదలుపెట్టింది. దవడ విప్పింది, మెడ విప్పింది. కుడి భుజం విప్పి చేతిని పైకి ఎత్తిందో లేదో, ఆ చెయ్యి ఆమె పట్టులోంచి జారి, వంగి ఉన్న అత్తమ్మ మెడ వెనక పడింది. పడి, అక్కడే ఆగింది. అరచెయ్యి మెడ మీద సరిగ్గా కుదురుకుంది. అత్తమ్మ కదల్లేదు. నేను లేచి ఆ చేతిని తీయబోతే కళ్ళతోనే వద్దంది. నూనె గిన్నె చల్లారిపోయేంత సేపు అట్లాగే వంగి ఉంది. తర్వాత, సరే ఒదినా, పో, అంది. చెయ్యి పక్కకు జారింది. మరునాడు గోడకు మా వైపు నుంచి అత్తమ్మే నీళ్ళకు దారి కొట్టించింది.

నాకు ఆమె చేసిన మేలు వీధిలో ఎవరికీ తెలియదు. ఈ రోజు చెబుతున్నాను. అప్పుడు నా బిడ్డకు రెండేళ్ళు. నాకు వేవిళ్ళు, చిరాకు. అది మట్టిలోంచి లేవనంటే చెయ్యి పట్టి కోపంతో ఒక్క గుంజు గుంజాను. అది కెవ్వుమంది. తర్వాత ఆ చెయ్యి బట్ట పీలికలా వేలాడింది. అత్తమ్మ మగ్గం మీద నుంచి దిగి, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. మోచెయ్యి కింద బొటనవేలు ఆనించి, అరచేతిని ఆకాశం వైపు తిప్పి, చెయ్యి మడిచింది. చిన్న చప్పుడు, సెనగగింజ పగిలినంత. బిడ్డ ఏడుపు ఆపి ఆమె ముక్కుపుడక పట్టుకుంది, ఆ చేత్తోనే. ఆమె నన్ను తిట్టలేదు. పసిపిల్లల కీలు ఇంకా ముడి పడదని, చెయ్యి పట్టి గుంజొద్దని, చంకల కింద పట్టి లేపమని మాత్రం చెప్పింది. మా ఆయనకు చెప్పలేదు, ఎప్పటికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమె నాకు అత్త కాదు. ఏమవుతుందో మాట దొరకలేదు, అందుకే అత్తమ్మ అనే పిలుస్తూ వచ్చాను.

తన మోకాలి సంగతి చాలా ఏళ్ళకు చెప్పింది. యుద్ధం మూలాన నూలు రావడం ఆగిపోయి వీధిలో మగ్గాలన్నీ మూగబోయిన రోజులవి. పని లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఎండలో అరుగు మీద కూర్చున్నాం. తొమ్మిదేళ్ళప్పుడు ఆమె వాళ్ళ నాన్న మగ్గం గుంతలో పడింది, మోకాలు వాచింది. నాన్నే కట్టు కట్టాడు. మగ్గం మీది వెదురు బద్దలు రెండు తెచ్చి, పడుగు లాగినట్టు కాలును సాగదీసి, తిన్నగా బిగించాడు. వదులుగా ఉన్నది ఏదైనా చెడ్డదే అనుకునే మనిషి. నేతపని ఇంట్లో ఏ కర్ర చూసినా తిన్ననిదే, వంకరది ఒకటి దొరకదు. మోకాలిని కొంచెం వంచి కట్టాలని, అప్పుడప్పుడు విప్పి ఆడించాలని ఆయనకు తెలియదు. ఎన్ని రోజులు కడితే అంత గట్టిగా నయమవుతుందనుకుని మూడు నెలలు ఉంచాడు. విప్పేసరికి కాలు తిన్నగా ఉంది. ఎంత తిన్నగా వచ్చిందో చూడమని వీధిలో అందరికీ చూపించి సంతోషపడ్డాడట.

అది చెప్పి నవ్వింది. రైతుల ఇంట పుట్టినా బాగుండేది, వంకర కట్టె ఏదన్నా దొరికేది అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ కట్టు విప్పిన మరుసటి ఏడు ఆమె నానమ్మ పోయింది. పొరుగూరి నుంచి పెద్దకొడుకు రావాలని ఆగారు. ఆయన వచ్చేసరికి ఒళ్ళు బిగుసుకుంది, పొద్దు వాలుతోంది, పొద్దు గూకకముందే మట్టి ఇవ్వాలి. విప్పడం తెలిసిన వాళ్ళు అప్పట్లో లేరు. ఎవరో రోకలి తెచ్చారు. ఈమె తలుపు వెనక ఉంది. చూడలేదు, వినింది. రెండు చప్పుళ్ళు.

"గప్పుడు నా కాలు దిక్కు సూసుకున్న బిడ్డా" అంది అత్తమ్మ. "ఇది ఎన్నడు ఒంగది. నన్నేం జేస్తరో అని."

అందుకే ఆ పని నేర్చుకుంది. ముందు ఉన్నవాళ్ళ కీళ్ళు, తర్వాత పోయినవాళ్ళవి. ఆమె పని మొదలుపెట్టాక మా వీధిలో ఒక్క శవం మీదికీ రోకలి లేవలేదు. అందరికీ నేనున్న, నాకెవరున్నరు అంది ఆ రోజు. నేనున్న అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నా నోటి సంగతి చెప్పాను కదా. ఆమె వెంటనే నా చెయ్యి పట్టుకుని తన మోకాలి మీద పెట్టి మాటివ్వమంది. అంతకు ముందెప్పుడూ ఆ మోకాలిని ఎవరినీ తాకనివ్వలేదు. అంతసేపు ఎండలో ఉన్నా అది చల్లగా ఉంది.

అట్లాంటి కాలుతో మగ్గం ఎట్లా నేసిందంటారేమో. మగ్గం ముందు నేలలో గుంత ఉంటుంది, నేసేవాళ్ళు గుంత అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి తొక్కుడు కర్రలు తొక్కుతారు. ఆమెకు పెళ్ళయిన కొత్తలో మా మామగారు ఆ గుంత ముందు గోడలో కుడివైపున ఏటవాలుగా ఒక గాడి తవ్వి ఇచ్చారు. కుడికాలు అందులో చాపి, ఎడమ కాలితోనే రెండు కర్రలూ తొక్కేది. ఆ గాడి చివర ఆమె మడమ ఆనీ ఆనీ చిన్న గుంట పడింది, గిన్నె అడుగులా నున్నగా.

ఇక ఆ రోజు సంగతి. బండి ఇల్లు చేరేసరికి పొద్దు పడమటికి తిరిగింది. కడుపులో ఉన్న మాట చెబుతాను, ఇంట్లో అడుగు పెట్టగానే నేను ముందు చూసింది ఆమెను కాదు, గోడకు ఆనించిన రోకలిని. మిరపకాయలు దంచే మా ఇంటి రోకలే. దాని మీద ఎవరో తుండుగుడ్డ కప్పారు. మా ఆయన ఒక మూలన మొద్దులా కూర్చున్నాడు. ఆయన అన్న, మా బావ, చెడ్డవాడు కాడు. ఇంటికి పెద్దకొడుకు, పొద్దు గూకకముందే పని జరగాలి, గుంత తవ్వడం కూడా అయిపోవచ్చింది. మఠం నుంచి జంగమయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. మీరంతా బయటికి పోండి అన్నాను. కోడలి నోరు కదా, పోయారు.

నూనె వెచ్చ చేశాను. ముందు నా కుడి మోకాలిని నేను రుద్దుకున్నాను. ఆమె ఎందుకు రుద్దుకునేదో అప్పుడు తెలిసింది. మన కీలు భయంతో బిగుసుకుని ఉంటే అవతలి కీలు విప్పలేం. దవడ విప్పాను. మెడ విప్పాను. భుజాలు, మోచేతులు. ఆ చేతులు ఎన్ని ఇళ్ళలో ఎన్ని తలుపులు తెరిచాయో, ఇప్పుడు వాటినే తెరవాల్సి వచ్చింది. ఎడమ తొంటి వంగింది. ఎడమ మోకాలు వంగింది. కుడి తొంటి కూడా వంగింది, వంగేసరికి ఆ తిన్నని కాలు మొత్తం కట్టెలా పైకి లేచి నిలబడింది. మెల్లగా దించాను. ఇక మిగిలింది ఒక్కటే.

గుడ్డ వేడి నీళ్ళలో ముంచి చుట్టాను. నూనె రాశాను. చెవి దగ్గర వంగి, అత్తమ్మా, జర ఒంగు, తొందరేం లేదు అన్నాను. అబద్ధం. తొందర చాలా ఉంది. బయట అందరూ పొద్దు వైపు చూస్తున్నారు. మోకాలు కదల్లేదు. మళ్ళీ చెప్పాను. బతిమాలాను. ఊళ్ళో అందరినీ ఒంగమన్నావు, నువ్వు ఒంగవా అని తిట్టాను కూడా. ఎండలో కూర్చున్ననాడు ఎంత చల్లగా ఉందో ఇప్పుడూ అంతే చల్లగా ఉంది, నా చేతుల వేడి దానికి అంటలేదు. చివరికి దాని మీద తల పెట్టుకుని ఏడ్చాను.

తలుపు తీసుకుని బావ వచ్చాడు. రోకలి చేతిలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు. "జర పక్కకు జరుగు."

జరగలేదు. రెండు చేతులూ ఆ కాలికి చుట్టి పట్టుకున్నాను. అట్లా పట్టుకుని, మనిషి ముఖం చూడలేక, పక్కకు చూశాను. పక్కన ఆమె మగ్గం. మగ్గం కింద గుంత. గుంతలో గాడి. యాభై ఏళ్ళు ఆమె రోజూ కూర్చునే ఉంది కదా.

పడుగు నూలు ఒక పోగు తెంచాను. ఆమె తొంటి దగ్గర నుంచి మడమ దాకా కొలిచి ముడి వేశాను. ఆ పోగును బావ చేతిలో పెట్టి, సమాధి గుంత వెనక గోడ నుంచి కొలిస్తే ఇంత పొడుగు వచ్చేట్టు, ముందు గోడలో, అడుగు మట్టానికి గాడి తవ్వించమన్నాను. ఆయన నా వైపు చూశాడు, మగ్గం గుంత వైపు చూశాడు. అర్థమైంది. కాని కాలు చాపుకుని కూర్చున్న మనిషికి మట్టి ఇయ్యొచ్చునా? ఇద్దరం జంగమయ్య దగ్గరికి పోయాం. ఆయన మెడలోని లింగం పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కూసోబెట్టాలెనని ఉన్నది" అన్నాడు. "కాలు ఎట్ల పెట్టాలెనో యాడ లేదు. కూసోబెట్టున్రి."

బావ రోకలిని వంటింట్లో దాని చోటులో పెట్టి వచ్చాడు. తవ్వేవాళ్ళను కాదని తానే గడ్డపార తీసుకుని గాడి తవ్వాడు. పోగు పెట్టి కొలుచుకుంటూ, ముడి దగ్గరికి సరిగ్గా ఆపాడు. నేతపని మనిషి కదా, వేలెడు ఎక్కువ తవ్వడు.

నేనూ పోయాను. ఎవరూ వద్దనలేదు. మా ఆయన గుంతలోకి దిగి తల్లిని కూర్చోబెట్టాడు. వీపు గోడకు ఆనింది. ఎడమ కాలు మడిచాడు, కుడి కాలును గాడిలో చాపాడు. మడమ గాడి చివరకు తాకింది, మధ్యలో వేలు పట్టేంత సందు కూడా లేదు. బావ పై నుంచి వంగి చూసి, సరిపోయింది అన్నాడు. అరచేతిలో లింగం పెట్టారు, విభూది పెట్టారు, పత్రి వేశారు. మా ఆయన పైకి ఎక్కాడు. పొద్దు ఇంకా ఉంది, ఎండ గుంత లోపలి దాకా పడుతోంది. జంగమయ్య మంత్రం అందుకున్నాడు. పెద్దకొడుకుగా మొదటి పిడికెడు బావది. ఆయన పిడికిలి చాపి ఆగిపోయాడు.

ఆమె మోకాలి మీది చీర లేస్తోంది.

చాలాసేపు కాళ్ళు చాపి కూర్చున్న మనిషి, చూసేవాళ్ళు లేరు కదా అని కాలు దగ్గరికి తీసుకున్నట్టు. అంత మెల్లగా. మడమ గాడి చివర నుంచి విడివడి, మట్టి మీద రాసుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ రాపిడి వినబడింది. ఆ తర్వాత లోపల, చాలా లోపల, చిన్నగా ఇంకో చప్పుడు. పదిహేనేళ్ళు ఆమె పక్కన కూర్చుని నేను ఎన్నడూ వినలేకపోయిన కీలు చప్పుడు అదే. మడమ జానెడు వెనక్కి వచ్చి ఆగింది.

బావ పిడికిట్లోని మట్టి వేళ్ళ సందుల్లోంచి దానంతటదే రాలిపోయింది. జంగమయ్య మంత్రం ఒక్క క్షణం ఆపి మళ్ళీ అందుకున్నాడు. కొత్త మట్టి, ఒంటి బరువుకు కింద సదురుకుంది అంటాడు మా ఆయన ఇప్పటికీ. అయి ఉండొచ్చు. ఆయనతో నేను వాదించను. కాని ఆ మోకాలిని నేను రెండు చేతులా పట్టుకుని ఏడ్చాను, అది ఎంత బిగుసుకుని ఉందో నా చేతులకు తెలుసు. రోకలి దాని చోటికి పోయాక, వంగకపోయినా ఫరవా లేదని అందరూ ఒప్పుకున్నాక, అప్పుడు వంగింది. నాకు భయం వేసింది. భయంతోపాటు కడుపు నిండినట్టయింది. తొందరేం లేదు అత్తమ్మా అని నాలో నేను అనుకున్నాను. ఈసారి అది అబద్ధం కాదు.

మొన్న మా వీధి చివరి ఇంటి నుంచి మనిషి వచ్చాడు, నా కోసం. నూనె వెచ్చ చేసుకుని పోయాను. తిరిగి వచ్చి బూడిదతో చేతులు తోముకుంటుంటే నా బిడ్డ దూరంగా నిలబడి చూస్తోంది. రొట్టె తినలేదు. రేపు తింటుంది లెండి.

ఆమె మగ్గం మీద సగం నేసిన చీర మిగిలింది. ఎర్ర పట్టు అంచు, నూలు ఒళ్ళు. దాన్ని నేనే పూర్తి చేస్తున్నాను. గాడి పూడ్చేస్తానని మా ఆయన అంటే వద్దన్నాను. ఎడమ కాలితోనే రెండు కర్రలూ తొక్కడం నాకింకా సరిగ్గా రాలేదు, అయినా అట్లాగే నేస్తున్నాను. కుడికాలిని ఆ గాడిలో చాపి, మడమను ఆమె మడమ అరగదీసిన గుంటలో ఆనించి మొదలుపెడతాను. నాలుగు వేళ్ళ వెడల్పు నేత నేసి కిందికి చూసుకుంటే మోకాలు లేచి ఉంటుంది, మడమ జానెడు ఇవతలికి వచ్చి ఉంటుంది. నేను లాగలేదు.